గోదారమ్మ బొగ్గు

యూనివర్సిటీలో మేము పెరిగిన పాత క్వార్టర్లను కూల్చబోతున్నారని తెలిసి, కూలీలు రాకముందే ఒకసారి చూసి రావాలని తార్నాకలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లాను. తలుపులూ కిటికీ రెక్కలూ అప్పటికే ఊడదీసుకుపోయారు. ముందుగదిలో ఎవరో పాత సైకిల్ టైర్లు పోగేశారు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. తూర్పు గోడను ఆనుకుని కట్టిన సిమెంటు గట్టు అలాగే ఉంది. దానికి పైన, నిలబడిన మనిషి తల ఎత్తులో, గోడ మీద పళ్లెమంత గుండ్రటి మచ్చ కనిపించింది. ఎన్ని పొరల సున్నం పడినా దాని అంచు దాగలేదు. రాతి గోడకు పెట్టిన కన్నాన్ని తరువాతెప్పుడో ఇటుక ముక్కలతో, సిమెంటుతో పూడ్చిన గుర్తు అది. మా బొగ్గుల పొయ్యి గొట్టం బయటికి వెళ్లిన దారి అదే. చూసి సంతోషించాను. ఇంట్లో చెప్పుకునే కథకు గోడ వచ్చి సాక్ష్యం చెప్పడం అరుదు.

తరువాత పెరట్లోకి వెళ్లి అదే గోడను బయటి నుంచి చూశాను. సంతోషం అక్కడ ఆగింది. పూడ్చిన కన్నానికి సరిగ్గా పైన మేడమీది వాటా కిటికీ ఉంది. నాకు గుర్తున్న గొట్టం ఆ కన్నంలోంచి బయటికి వచ్చి, మోచెయ్యిలా వంగి, గోడ వెంట పైకప్పు దాటి, చివరన చిన్న రేకు టోపీతో నిలబడి ఉండేది. ఆ టోపీ మీద కాకి వాలడం కూడా నాకు గుర్తుంది. కాని గొట్టం నిలువుగా పైకి వెళ్లాలంటే ఆ కిటికీకి అడ్డంగా వెళ్లాలి. పక్కకు తిప్పి తీసుకెళ్లి ఉంటే, దాన్ని గోడకు బిగించిన పట్టీల గుర్తులు ఉండాలి. ఆ వైపు గోడకు ఎన్నడూ సున్నం వేయలేదు. రాళ్ల మధ్య అతుకుల్లో వేలు పెట్టి వెతికాను. ఎక్కడా మేకు దిగిన జాడ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పరిశోధనశాలలో ఇతరులు తెచ్చిన ఫలితాలను మళ్లీ కొలిచి చూడటమే నా పని. నా సొంత జ్ఞాపకంలోని రేకు టోపీని మాత్రం ఒక్కసారీ కొలవలేదు.

మా ఇంట్లో ఆ పొయ్యి కథను చెప్పే రోజు ఒకటుంది. మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఆబ్దికం నాడు భోజనాలు ముగిశాక, తమ్ముడు రవి వక్కపలుకు బుగ్గన పెట్టుకుని మొదలుపెడతాడు. అమ్మకు పొగ పడదని నాన్న తంటాలు పడి బొగ్గుల పొయ్యి చేయించాడు. మామ్మ మడి పేరుతో ఆ బొగ్గుల్ని కడిగింది. తడిబొగ్గు రాజుకోక ఇల్లంతా పొగ నిండింది. దాంతో అమ్మ చలికాలమంతా పుట్టింట్లో ఉండవలసి వచ్చింది. రవి మామ్మ గొంతును బాగా అనుకరిస్తాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఈ కథ వాడికి నాన్న చెప్పినది. నాన్న పోయాక చెప్పే వంతు వాడికి వచ్చింది. ఏటా నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని.

అప్పటి మా వంటింటి సంగతి కొంత చెప్పాలి. మాది రాజమండ్రి వైపు కుటుంబం. నాన్న యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు. తెల్లవారక ముందే మామ్మ స్నానం చేసి, తడిచీర పిండుకుని కట్టుకుని, కట్టెల మీద నీళ్లు చిలకరించి పొయ్యి దగ్గర పెట్టేది. ఆ తరువాత వంట అమ్మది. చింతకట్టె దొరికిన రోజు పొగ తక్కువ. కట్టెల అడితిలో పచ్చి తుమ్మకట్టె అంటగట్టిన రోజు వంటింటి గుమ్మం కనబడేది కాదు. కిరోసిన్ స్టవ్ ఒకటి ఉండేది గాని, దాని మీద ఉడికిన అన్నం మామ్మ ముట్టేది కాదు. గ్యాసు కోసం పేరు రాయించుకున్న వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కాలం అది. చలి మొదలయ్యేసరికి అమ్మకు ఆయాసం వచ్చేది. అన్నం వార్చి వచ్చి, గడప మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి కోసం ముందుకు వంగేది. ఆ చప్పుడు పక్కగదిలో ఎక్కాలు చదువుకుంటున్న నాకు వినిపించేది. చప్పుడు ఆగేదాకా నా ఎక్కం ముందుకు సాగేది కాదు.

ఆ ఏడు డాక్టరు గారు ఖండితంగా చెప్పేశారు. పొగైనా ఇల్లు వదలాలి, మనిషైనా వదలాలి అన్నారు. తెనాలిలో ఉన్న మా మావయ్య, చలి తగ్గేదాకా చెల్లెల్ని తనతో తీసుకువెళతానని కబురు పెట్టాడు. రవి అప్పటికి బడికి కూడా వెళ్లడం లేదు. అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అప్పుడు నాన్న మల్కాజ్‌గిరిలో ఉండే రైల్వే స్నేహితుడి ఇంట్లో పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యిని చూసి వచ్చాడు. గోడలోంచి గొట్టం బయటికి పోతే పొగ కూడా బయటికే పోతుందని, మావయ్య వచ్చేలోగా అలాంటిది మన ఇంట్లోనూ అమర్చేస్తానని అమ్మకు మాట ఇచ్చాడు. అమ్మ మాతో ఉండటం ఇక ఆ పొయ్యి మీద ఆధారపడింది.

వారాసిగూడలో బ్రహ్మయ్య అనే కమ్మరి ఉండేవాడు. నాన్న అతని దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. కాగితం మీద స్కేలు పెట్టి గీసిన బొమ్మ చూపించాడు. రెండు నోళ్లు, కింద బూడిద అర, వెనక గొట్టం, నాలుగు కాళ్లు. బ్రహ్మయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సారూ, గిది పొయ్యా, రైలింజనా? పట్టాలు గూడ నన్నే ఏయమంటవా?"

"పొయ్యే. మా ఆవిడకు పొగ పడదు."

"పొగ వడనోళ్లకు గింత ఇనుమెందుకు సారూ? సరే తీ, చేస్త. గని మల్ల మల్ల తిప్పొద్దు నన్ను."

తిప్పింది అతనే. రేకు దొరకలేదన్నాడు. దొరికాక గొట్టానికి సరిపోలేదన్నాడు. నాన్న పాఠాలు చెప్పి వస్తూ రోజూ చిలకలగూడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లి చూసేవాడు. చివరికి పొయ్యి రిక్షా ఎక్కింది. తార్నాక ఎత్తు దగ్గర నాన్న దిగి వెనక నుంచి నెట్టాడు. గుమ్మం దాకా వచ్చాక అది వంటింటి తలుపులో పట్టలేదు. రిక్షా అతను నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తలుపు చిన్నగున్నదా, పొయ్యి పెద్దగున్నదా, ముందుగాల గది తేల్చుండ్రి" అన్నాడు. మళ్లీ బ్రహ్మయ్య వచ్చి, కాళ్లు కోసి, లోపలికి చేర్చి, ఆ కాళ్లనే తిరిగి అతికించి వెళ్లాడు. వెళుతూ, "ఇంజన్ స్టేషన్‌ల వెట్టిన, ఇగ నీ ఇష్టం" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దగ్గుగా మారకపోవడం చూసి నేను ధైర్యం తెచ్చుకున్నాను.

అసలు చిక్కు బొగ్గు దగ్గర వచ్చింది. కట్టెల బొగ్గు అంత పెద్ద పొయ్యికి చాలదు. గనుల బొగ్గు కావాలి. బస్తాను పెరట్లో దింపించిన నాన్న, అడిగినదానికి సరైన జవాబు చెప్పడం అలవాటైన మనిషి కనుక, మామ్మ అడిగితే దాని పేరు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఏం బొగ్గన్నావు?"

"రాక్షసి బొగ్గమ్మా."

"ఆ పేరున్నది నా వంటింటి గడప దాటదు. పట్టుకెళ్లి ఇచ్చేసిరా."

"అది వట్టి పేరమ్మా."

"వట్టి పేరే అయితే నీ కూతురికి పెట్టకపోయావూ?"

నాన్న తలుపు చాటున నిలబడిన అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి మామ్మతో అన్నాడు. "అమ్మా, ఇది ఎక్కడిదో తెలుసా? గోదావరి పక్కన నేలలోంచి తవ్వి తీస్తారు."

"మన గోదావరా?"

"మన గోదావరే. కాస్త ఎగువన."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

ఆ క్షణం నుంచి మా ఇంట్లో దాని పేరు గోదారమ్మ బొగ్గు. మామ్మ దాన్ని ఆప్యాయంగా చూసుకుంది. ఏ ఊరి నుంచో ఏ బస్తాల్లోనో వచ్చిన వస్తువు మడి వంటింట్లోకి వెళ్లాలి కనుక, కట్టెలకు చిలకరింపుతో సరిపెట్టిన మనిషి బొగ్గుకు స్నానమే చేయించింది. పొద్దున పెరటి కుళాయి కింద వెదురు తట్టలో వేసి కడిగేది. కడిగినదాన్ని పాత చీర మీద వడియాల్లా పరిచి ఎండలో పెట్టేది. అవి మరునాటి వంటకు. తొక్కుతామేమోనని మమ్మల్ని ఆ దరిదాపులకు రానిచ్చేది కాదు. నల్లమరకలు పడిన ఆ చీర గోరింటాకు రంగుది. ఈ ఆరబెట్టడం మాత్రం రవి చెప్పే కథలో లేదు. నాన్న చెప్పిన కథలోనూ లేదు.

పొయ్యి అంటించిన రోజు నాన్న కొత్త పంచె కట్టుకున్నాడు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ, పుల్లలు, వాటి మీద బొగ్గు. మంట లేచింది. వెంటనే పసుపుపచ్చని చిక్కటి పొగ గొట్టంలోకి కాకుండా పొయ్యి రెండు నోళ్లలోంచి మా మీదికి వచ్చింది. కట్టెల పొగ దీనికంటే ఎంతో మర్యాద కలది. మరునాడు నాన్న అతుకులకు బంకమట్టి మెత్తాడు. ఆ మరునాడు బూడిద అర తీసేశాడు. గొట్టం వాలు మార్చాడు. తిరగేసిన పరీక్ష కాగితం వెనక ఏవో కోణాలు వేశాడు. అమ్మ పెరట్లో దూరంగా నిలబడి, "పోనీలెండి, కొత్తది కదా, నెమ్మదిగా అలవాటు పడుతుంది" అంటూ ఉండేది, పొయ్యి కొత్త కోడలయినట్టు.

మావయ్య వచ్చిన ఉదయం కూడా అదే పొగ. నీళ్ల చెంబు కోసం పెరట్లోకి వెళ్లిన నాన్నకు కుళాయి కింద బొగ్గు కడుగుతున్న మామ్మ కనిపించింది. అంతకుముందు ఆయన ఆ వేళకు స్నానాల గదిలో ఉండేవాడు గనుక చూడలేదు, ఆరిన బొగ్గేమో ఆయన సాయంత్రం ఇల్లు చేరేసరికి లోపలికి వెళ్లిపోయేది. "దొరికింది!" అని కేకవేశాడు. లెక్క తేలినప్పుడు వేసే కేకే. "కడుగుతున్నావా? బొగ్గును కడుగుతున్నావా? ఇంకెక్కడ అంటుకుంటుందమ్మా అది!"

మామ్మ నల్లటి చేతులతో అలాగే నిలబడింది. "నేనేం చేశాన్రా?" అంది.

"ఇవాళ ఒక్కరోజు ఆగి, పొడి బొగ్గుతో చూద్దామండీ" అంది అమ్మ. కాని మావయ్య టిక్కెట్లు తీసుకునే వచ్చాడు. అమ్మ ఆయాసం చూసి, ఒక్క పూట కూడా ఆగనన్నాడు. ఆ సాయంత్రమే వాళ్లు వెళ్లిపోయారు. కారణం దొరికింది కాబట్టి నాన్న మళ్లీ ఆ పొయ్యిని అంటించలేదు. పొడి బొగ్గుతో అది మండుతుందో లేదో ఎవరూ చూడలేదు. ఇది నాకు ఇన్నేళ్ల తరువాత, ఆ గోడ ముందు నిలబడినప్పుడు తట్టింది. నిరూపణ లేకుండా ఒక్క మెట్టు కూడా దాటనివ్వని మనిషి, తన తల్లి విషయంలో మాత్రం మొదటి అనుమానం దగ్గరే ఆగిపోయాడు.

చలి పోయాక అమ్మ తిరిగి వచ్చింది. వచ్చేసరికి మామ్మ పెరట్లో రేకుల కింద మట్టితో కట్టెల పొయ్యి వేసుకుని ఉంది. వంట మొత్తం తానే తీసుకుంది. అమ్మ దగ్గరికి వెళితే, "నువ్వు అవతలికి పో, నీ ఊపిరి నేను తీసింది చాలు" అనేది. గ్యాసు వచ్చేదాకా, అంటే మామ్మ వయసు మళ్లిన ఏళ్లన్నీ, ఆ పొయ్యి ముందే గడిచాయి. ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ముసలితనం వల్లనేమో అనుకునేవాళ్లం.

గోడ చూసి వచ్చిన వారం నేను రెండు పనులు చేశాను. వారాసిగూడలో ఇనుప పని చేసే కొట్టు ఒకటి ఇంకా ఉంది. అక్కడి నుంచి కాస్త గనుల బొగ్గు తెచ్చాను. సగం కడిగి, ఒక పగలంతా ఎండబెట్టి, సగం కడగకుండా ఉంచి, మా డాబా మీద రెండు కుంపట్లలో అంటించాను. కింది వాటా వాళ్లు కంగారుగా పైకి వచ్చి, ఇంట్లో ఏదైనా హోమమా అని అడిగారు. రెండూ ఒక్కలాగే రాజుకున్నాయి. రెండూ మొదట్లో ఒక్కలాగే పొగ చిమ్మాయి. దానర్థం కడగడం వల్ల ఏమీ కాదని కాదు, తడిగా వేస్తే తప్పకుండా మొరాయిస్తుంది. ఒక పగటి ఎండ తగిలాక మాత్రం తేడా నాకు కనిపించలేదు.

రెండో పని రామంతాపూర్ వెళ్లడం. మా పైవాటాలో ఉండిన నర్సక్క ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. భువనగిరి వైపు రైతు కుటుంబం వాళ్లది. ఆమె భర్త యూనివర్సిటీ గ్రంథాలయంలో పనిచేసేవాడు. నర్సక్కకు వినికిడి తగ్గింది గాని గొంతు తగ్గలేదు. మా పొయ్యి గొట్టం పైకప్పు దాకా ఎటువైపు నుంచి వెళ్లేదని అడిగాను.

"పైకి యాడ వోయింది బిడ్డా? నేను పోనిస్తే గద!" అని గలగలా నవ్వింది. "మీ నాయిన వచ్చి, నీ కిటికి ముందటికెల్లి గొట్టం తీస్తనమ్మా అన్నడు. నా పసిదాని బట్టలన్ని గాడనే ఆరేస్త, మసి గొట్టం ఎట్ల తీస్తవ్ సారూ అన్న. పాపం, నోరు లేని మనిషి. జానెడు బయటికి వెట్టి ఊకున్నడు." నవ్వు మధ్యలో ఆగి నా ముఖం చూసింది. "గా పొగ మీ ఇంట్లకే మల్లిందా ఏంది? పెద్దమ్మ బొగ్గులు కడిగిందనే గద అందరు జెప్పిన్రు?"

పొగగొట్టం పొగను పీల్చేది దాని ఎత్తు వల్ల. లోపలి వేడిగాలి తేలికై పైకి లేచే కొద్దీ కిందినుంచి పొగను లాగుతుంది. ఎత్తు లేని గొట్టం గోడకు పెట్టిన కన్నం మాత్రమే. పైగా చలికాలపు గాలి మనకు తూర్పు నుంచి వీస్తుంది, మా కన్నం తూర్పు గోడకే ఉంది. బొగ్గు ఎంత పొడిగా ఉన్నా ఆ పొగ మా ఇంట్లోకే వచ్చేది. నర్సక్కను తప్పు పట్టను. పసిబిడ్డ బట్టల సంగతి ఆమె చూసుకుంది. నాన్న అబద్ధం చెప్పాడనీ అనను. పైకప్పు దాటే గొట్టాన్ని ఆయన బొమ్మలో గీశాడు, దానికి తగిన పొడవు చేయించాడు. గీసింది ఆయనకు కట్టినట్టే గుర్తుండిపోయి ఉంటుంది. ఆయన చెప్పగా విని, దాని మీద నేను కాకిని కూడా వాలించాను.

అయినా ఒక్క సాక్షి చాలదు. తాను గెలిచిన తగవులను చెప్పుకోవడం నర్సక్కకు ఇష్టం. ఆమె మాట తెలియని మరొకరు అదే సంగతిని వేరే దారిలో చెప్పాలి.

ఈ ఏడు మామ్మ ఆబ్దికం మల్కాజ్‌గిరిలో రవి ఇంట్లో జరిగింది. ఇప్పుడు ఆ వంటింట్లో ఒక మీట నొక్కితే పొయ్యి వెలుగుతుంది. పైనున్న యంత్రం పోపు ఘాటును కూడా లాగేస్తుంది. మరదలు గారెలు వేయిస్తుంటే ముందుగదిలో ఎవరికీ దగ్గు రాలేదు. దీన్ని నేను నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. ఆ పాత రోజులే బాగుండేవని అనేవాళ్లు తుమ్మకట్టె ముందు కూర్చున్నవాళ్లు కారు. భోజనాలయ్యాయి. రవి వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. వాడు మొదలుపెట్టకముందే నేను మామూలుగా అడిగాను. గోడ సంగతీ, నర్సక్క సంగతీ చెప్పలేదు.

"రవీ, అమ్మ తెనాలిలో ఉన్నప్పుడు మనం ఏం ఆటలు ఆడేవాళ్లం?"

"టెలిఫోను ఆట" అన్నాడు ఆలోచించకుండానే. "రేకు గొట్టం ఉండేది కదక్కా. నేల మీద పడుకోబెట్టి, ఈ చివర నేను 'అమ్మా, ఎప్పుడొస్తావు' అని అరిచేవాణ్ణి. ఆ చివర వంటింటి గడప దగ్గర మామ్మ కూర్చునేది. అమ్మ గొంతు పెట్టి, 'చలి పోగానే వచ్చేస్తాను, నువ్వు అన్నం తిన్నావా' అనేది. నేను నిజంగా అమ్మే అనుకునేవాణ్ణి."

"ఎంత పొడుగుండేది నాన్నా ఆ గొట్టం?" అంది వాడి కూతురు.

"చాలా పొడుగు. అదిగో, ఆ గోడ దగ్గర నుంచి..." అని రవి చెయ్యి చాపి, గది ఆ చివరి నుంచి తలుపు దాకా తెచ్చాడు. తలుపు దగ్గర ఆ చెయ్యి అలాగే ఆగింది. నా వైపు చూశాడు. "అక్కా, అది పొయ్యి గొట్టమే కదూ?"

"అదే."

"మరి పైకప్పు మీద..."

"లేదు."

వాడు చెయ్యి దించాడు. మామ్మ ఫొటోకు వేసిన దండ ఫ్యాను గాలికి కదులుతోంది. పిల్లలకు ఓపిక తగ్గింది. వాళ్లు ఏటా వినే కథ కోసమే కూర్చున్నారు.

"చెప్పు నాన్నా, మామ్మ బొగ్గులు కడిగిందీ..." అని వాడి కూతురు అందించింది.

"కడిగింది" అన్నాడు రవి. ఈసారి మామ్మ గొంతు పెట్టలేదు. "కడిగి, పాత చీర మీద వడియాల్లా పరిచి, సాయంత్రం దాకా ఎండలో ఆరబెట్టింది కూడా."